ఇంజను ఆపి దిగిన దారి

ఈరోజు పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు పాలు పోసే అతను మా వీధి వాలులో ఇంజను ఆపి బండిని ఊరికే జారనిచ్చాడు. టైర్ల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. పాలగిన్నె పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను.

పెళ్లికి ముందు నాలుగేళ్లు నేను తిరుమల కొండమీద ఒక హోటల్లో వడ్డన చూసుకునేవాణ్ణి. మా బావ, అంటే అక్క భర్త, అక్కడే వంటమాస్టరు. కొండ కింద వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. మధ్యాహ్నం పని ముగిశాక ఇద్దరం ఆయన బండి మీద పాత ఘాట్ రోడ్డులో దిగేవాళ్లం. ఆ కాలపు బళ్లు నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, దిగుడు మొదలవగానే ఇంజను ఆపేసి, బ్రేకు మీద కాలు పెట్టుకుని అలిపిరి దాకా జారుకుంటూ రావడం కొండమీద పనిచేసేవాళ్లకు అలవాటు. ప్రమాదమని అందరికీ తెలుసు, ఎవరూ మానలేదు. మొదటిసారి నేను భయపడి ఇంజను వెయ్యమంటే, "ఏం బామ్మర్దీ, పెట్రోలు మీ నాయన పోయిస్తాడా? గమ్మున కూసో" అని నవ్వాడు.

ఇంట్లో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి ఆ దారిలో మాట్లాడేవాడు. ముందున్నవాడి ముఖం వెనకవాడికి కనపడదు, అందుకే కాబోలు. నగరిలో మగ్గం అమ్ముకున్న రోజు వాళ్ల నాయన అన్నం ముట్టలేదన్న సంగతి నేను ఆ మలుపుల్లోనే విన్నాను.

ఒకరోజు మోకాళ్ల మిట్ట దాటాక, వేలూరు పెద్దాసుపత్రికి పోయి చూపించుకున్నాననీ, గుండెలో కవాటం చెడిందనీ, వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారనీ చెప్పాడు. గొంతులో తేడా ఏమీ లేదు. "మీ అక్కకు సెప్పొద్దబ్బా. తెలిస్తే ఈ పొద్దే బయల్దేరమంటాది. బ్రహ్మోత్సవాలు అయిపోనీ, నేనే పోతా." ఉత్సవాల్లో వంటమాస్టరు లేకపోతే హోటలు నడవదని నాకూ తెలుసు. సరేనన్నాను. చెబితే అక్క ఆయన్ను మర్నాటికల్లా వేలూరు చేరుస్తుందనీ తెలుసు. అయినా రోజూ ఆమె వడ్డించిన అన్నం తింటూ నోరు విప్పలేదు.

ఆ ఉత్సవాల్లోనే, గరుడసేవ మరునాడు బావ పొయ్యి దగ్గరే కూలిపోయాడు.

కర్మలయ్యాక ఆయన బట్టల పెట్టెలో వేలూరు కాగితాలు దొరికాయి. వాటిని చేతిలో పట్టుకుని అక్క, "నీకు తెలుసునా?" అని అడిగింది. తెలుసన్నాను. "నాకొక మాట సెప్పింటే, సెయ్యి పట్టి ఈడ్సుకోని పోయింటాను గదరా" అంది. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను.

ఇప్పుడా దారిలో కొత్త బళ్లు దిగుతున్నాయి, ముందున్నవాడి చెవుల్లో పాటలు, వెనకవాడి చేతిలో ఫోను. వాళ్లను తప్పు పట్టను. ఇంజను ఆపిన ఆ నిశ్శబ్దం లేకపోయి ఉంటే బావ నాకు చెప్పేవాడు కాదేమో, ఇంకెవరికైనా చెప్పుకునేవాడేమో, వాళ్లు నాకంటే తెలివైనవాళ్లయ్యేవారేమో.

అక్క తిరుచానూరులో ఉంటోంది. నెలకోసారి వెళతాను. అన్నం పెడుతుంది, తన కీళ్లనొప్పుల గురించి, నా నిద్ర గురించి మాట్లాడుకుంటాం. బావ మాట మాత్రం మేమిద్దరం ఎత్తడం లేదు.