గోడవార జాగా

పుంగనూరు బాల్వాడీలో ఆయాగా చేసే మైమూన్ బీది గట్టి నోరు. మధ్యాహ్నం పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఆ నోరు మూతపడి చెయ్యి పనిచేసేది. వరసగా ఒక్కొక్కరినీ జోకొడుతూ పోయి, చివర గోడవార ఖాళీ చాప మీద కూడా కాసేపు జోకొట్టి లేచేది.

అది ఆమె కూతురు జుబేదా పడుకున్న జాగా. డెబ్బై ఎనిమిదిలో ఒకనాడు, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను ఇంట్లో విడిచే దిక్కులేక వెంట తెచ్చి అక్కడే పడుకోబెట్టింది. సాయంత్రం ఆస్పత్రికి తీసుకుపోయారు గానీ బిడ్డ దక్కలేదు. జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడున్న పిల్లల్లో జుబేదాను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఆటల్లో పరుగెత్తేవాళ్ళు ఆ చోటికి వచ్చేసరికి చుట్టుతిరిగి పోయేవారు. మదనపల్లెలో ట్రైనింగు అయి వచ్చిన అన్నపూర్ణమ్మ టీచరు ఎంత గొంతు చించుకున్నా ఎరుపేదో పచ్చేదో పట్టని ఆ గడుగ్గాయిలకు, ఎవరూ చెప్పకుండానే ఈ ఒక్క పాఠం వచ్చేసింది. టీచరు చూసి కూడా ఆ మాట ఎత్తేది కాదు. జాలి అనుకునేది. నన్నడిగితే పిరికితనం.

ఆ సోమవారం జయమ్మ తన మనవరాలు సిద్ధమ్మను తీసుకొచ్చింది. కుప్పం నుంచి వచ్చి, చెనక్కాయల మిల్లులో కూలికి పోతూ ఆ పక్కనే కాపురముంటున్న మనిషి. పిల్లకు నాలుగేళ్ళు, తల్లి లేదు.

"ఈ వారం సూస్తానమ్మా. పాప నిలబడిందా సరే. లేదంటే ఇంట్లో పెట్టి బీగమేసుకొని పోతాను, నాకింకో దోవ లేదు" అని చెప్పి మిల్లుకు పరుగెత్తింది.

సిద్ధమ్మ లోపలికొచ్చి, ఖాళీగా ఉంది కదా అని నేరుగా పోయి గోడవార కూర్చుంది. "ఆడ గాదు! ఆడ గాదు!" అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. మైమూన్ బీ ఒక్క అంగలో వచ్చి, రెక్క పట్టుకుని లేపి వాకిలి దగ్గర కూలేసింది. తన చేతికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ రోజంతా పిల్ల ఏడుపే. మంగళవారం చింతగింజలతో లెక్కలు చెబుతుంటే గింజలు విసిరికొట్టింది. మరునాడు బంకమన్నుతో అందరూ బొమ్మలు చేశారు. సిద్ధమ్మ మాత్రం మన్ను పిడికిట్లో పట్టుకుని గోడవైపే చూస్తూ కూర్చుంది. మైమూన్ బీ కూడా అటే చూసింది. సున్నం రాలిన గోడ తప్ప అక్కడ ఏమీ లేదు. గురువారం సాయంత్రం జయమ్మ వచ్చి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పిల్ల రాలేదు. మధ్యాహ్నం జోకొట్టబోతే మైమూన్ బీకి చెయ్యి ఆడలేదు. పిల్లల్ని టీచరుకు అప్పజెప్పి జయమ్మ ఇంటికి పోయింది. తలుపుకు బీగం. లోపల ఏవో మాటలు వినిపిస్తున్నాయి. సందులోంచి చూస్తే సిద్ధమ్మ ఒక్కతే ఉంది. గిన్నెలూ చెంబులూ వరసగా పేర్చి బాల్వాడీ ఆట ఆడుకుంటోంది. వరసలో ఒక జాగా ఖాళీగా ఉంచింది. చెంబొకటి అటు దొర్లితే చటుక్కున లాగి, "ఆడ గాదు! ఆడ కూర్చోగూడదు!" అని దాన్ని కొట్టింది.

వారంలో ఆ బిడ్డ నేర్చుకున్న చదువు అదీ. మైమూన్ బీ మెట్టుమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కన్నబిడ్డను తలుచుకుంటున్నాను అనుకుందే గానీ, పరాయి బిడ్డలకు తన దిగులే తినిపిస్తోందని అప్పటిదాకా ఆమెకు తట్టలేదు. తరువాత లేచి మిల్లుకు పోయి జయమ్మను పట్టుకుంది.

"రేపు పంపించమ్మా. ఇంక పాపను నాకు ఇడిసిపెట్టు" అంది.

శనివారం సిద్ధమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడవార కూర్చోబెట్టింది. ఈసారి ఎవరూ అరవలేదు. ఉప్పుమా వేళకు అందరూ పళ్ళేల ముందు కూర్చున్నారు. చూస్తే, సిద్ధమ్మ పక్కన మళ్ళీ ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంది. మైమూన్ బీ గరిటె కింద పెట్టింది.

"ఎవరికి నాయనా ఆ జాగా?"

పిల్లలు తలలు దించుకున్నారు. రెండేళ్ళుగా నోట రాని మాట అప్పుడు వచ్చింది ఆమెకు.

"జుబేదా రాదు. నా బిడ్డ సచ్చిపోయింది. దగ్గిరికి జరగండి."

అందరిలోకీ గడుసుపిల్ల మునిరత్నమ్మ తలెత్తి చూసింది.

"మాకు తెలుసు గదా ఆయమ్మా. నువ్వు ఏడుస్తావని ఇడిసిపెట్టినాము."