బావ రంగులేసిన గోడలు

మా బావ ఇళ్లకు రంగులేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. మా అక్కకు దగ్గొచ్చిన ప్రతిసారీ అతను చేసే వైద్యం కూడా అదే. మంచం తలవైపు గోడ మీద చెమ్మ మరక కనబడగానే పైపైన గీకి, లప్పం పెట్టి, ఇంకో పూత కొట్టేసేవాడు. మొదట లేత నీలం, తర్వాత గంధం రంగు, ఆ పైన అక్కకు ఇష్టమని గులాబీ. మూడు నెలలు గోడ పెళ్లికూతురిలా ఉండేది. నాలుగో నెలలో ఉబ్బేది. రంగు వాసన పోవాలని కిటికీ తెరిస్తే మూరెడు దూరంలో పక్కింటి గోడ.

సరిగ్గా ఆ గది మీదే ఇంటి ఓనరు స్నానాలగది. పైపు కారుతోందని అందరికీ తెలుసు, ఓనరుకు తప్ప.

ఈ వానాకాలం అక్క ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకెళ్లాం.

"ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా?" అనడిగింది డాక్టరమ్మ.

"అబ్బే! మొన్ననే రంగేశానమ్మా, అద్దంలా ఉంది," అన్నాడు బావ గర్వంగా.

"రంగు సంగతి కాదు, గోడ సంగతి చెప్పండి."

అక్క ఆయాసపడుతూనే నవ్వింది. "ఆయనకి రెండూ ఒకటేనమ్మా."

ఇంటికొచ్చి అక్కను పక్కింట్లో కూర్చోబెట్టాడు. అన్నం కూడా తినకుండా గోడ గీకడం మొదలెట్టాడు. గులాబీ, గంధం, నీలం, పెచ్చులు పెచ్చులుగా రాలాయి. అడుగున సిమెంటు కనబడాలి. కనబడింది నల్లటి బూజు. అక్క దిండుకు జానెడు పైన.

"ఇన్నాళ్లూ దీన్నా నేను ముస్తాబు చేసింది!" అన్నాడు బావ.

చప్పుడు విని ఓనరు దిగొచ్చాడు. "గోడంతా పాడుచేశావేంటయ్యా! పాత కొంప, ఏదో సర్దుకోవాలి. రంగన్నా వెయ్యి, ఖాళీ అన్నా చెయ్యి."

"ఖాళీ చేస్తాను సార్," అనేశాడు బావ.

ఇల్లు వెతకబోతే అసలు చిక్కు బయటపడింది. ఆ చుట్టుపక్కల ఖాళీ అయిన ప్రతి గదికీ రంగేసింది బావే. తలుపు తీయగానే గది తళతళలాడుతుంది, అక్క మొహం విచ్చుకుంటుంది. బావ మాత్రం గుమ్మంలోనే నిలబడి తల అడ్డంగా ఊపుతాడు.

"ఇక్కడ కూడానా?" అంది అక్క మూడో ఇంట్లో.

"కిటికీ కింద. లప్పం నేనే పెట్టా."

"అయితే ఈ వీధిలో వాళ్ల దగ్గంతా మీ చలవేనన్నమాట!"

అంతలో అదే గది చూడ్డానికి చంటిపిల్లను ఎత్తుకుని ఒక జంట వచ్చింది. బావ వాళ్లను నేరుగా కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇక్కడ చెమ్మ ఉందండీ. కప్పెట్టింది నేనే. పాపతో దిగకండి."

ఆ గది ఓనరమ్మ అందరి ముందూ అంది, "నీకిక ఈ వీధిలో పని పుట్టదు, చూసుకో."

పుట్టలేదు కూడా. ఇప్పుడు రెండు బస్సులు మారి పనికెళ్తున్నాడు.

చివరికి మూడంతస్తుల మీద ఒక రేకుల గది ఉందని తెలిసింది. సున్నం కూడా వేయని సిమెంటు గోడలు, మూడు వైపులా గాలి. యాభై నాలుగు మెట్లు. అక్క మొదటి మలుపులో ఒకసారి ఆగింది, తర్వాత నాలుగైదు మెట్లకోసారి.

"వద్దులే, దిగిపోదాం," అన్నాడు బావ.

"మీరూరుకోండి. ఎక్కేది రోజుకోసారి. ఊపిరి పీల్చేది రోజంతా."

పైకి చేరి పిట్టగోడకు ఆనుకుని కూలబడింది. బావ లోపలికెళ్లి నాలుగు గోడలకూ అరచెయ్యి ఆనించి, మూలల్లో వంగి వాసన చూసి వచ్చాడు.

"పొడిగానే ఉంది. ఎండాకాలం మాత్రం ఉడికిపోతావు."

"ఉడికితే ఉడుకుతా," అంది అక్క, ఊపిరి అందుకుంటూ. "నా బీరువా ఈ మెట్లెక్కుతుందా?"

"ఎక్కదు."

"అయితే అమ్మేయండి."