ఐలన్న ఉంటే మంచింగ్ మిగలదు

ఐలన్న చుక్క మందు ముట్టడు. అయినా పటాన్‌చెరులోని ఆ పంపుల కంపెనీలో ఏ ఇద్దరు సీసా తెరిచినా, మూడో మనిషిగా వచ్చి, నంజుకోవడానికి పెట్టుకున్న మంచింగ్ ముందు కూర్చుంటాడు. ప్లేటు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తడు.

ఆ కంపెనీలో ఎవరి గొప్ప వారిది. జర్దా నమిలేవాడికి సిగరెట్‌వాడంటే చులకన. సిగరెట్‌వాడికి కల్లు తాగేవాడంటే ఏవగింపు. కల్లు తాగేవాడు విస్కీవాణ్ణి చూసి, "పైసలిచ్చి లివర్ కరాబు చేసుకుంటున్నడు" అని జాలిపడతాడు. వీళ్లంతా కలిసి గంజాయి కుర్రాళ్లను ఛీ కొడతారు. ఇంతమంది మహానుభావులు ఏకమై తిండిపోతని తిట్టేది మాత్రం ఐలన్ననే.

అందరికంటే ఎక్కువ మండేది అక్కడే పనిచేసే వెంకటేశానికి. ప్రతి ఆదివారం పటేల్‌గూడలో తోటి పనివాడు మహేష్ ఇంటి మేడమీద మందు సిట్టింగ్. మొదటి పెగ్గు గొంతు దిగేలోపే చికెన్ పకోడి సగం మాయం.

"అన్నా, జెర ఆగి తినరాదే!"

"చల్లారితే పాడైతదిరా."

"పల్లీలు గూడ పాడైతయా?"

"మెత్తబడుతయ్."

చివరికి ఉల్లిగడ్డ ముక్క కూడా మిగలదు. నంజుకునేది లేకుండా తాగడం వీళ్లకు చేతకాదు. సగం సీసాకు మూత పెట్టి, "గీనిది కడుపా, గోదామా!" అని తిట్టుకుంటూ ఇళ్లకు పోతారు.

సోమవారం పొద్దున కంపెనీ గేటు దగ్గర, తాగారో లేదో తేల్చే మిషన్‌లో ఊదాలి. వెంకటేశం ఇదివరకే రెండుసార్లు దొరికాడు. మూడోసారి దొరికితే ఉద్యోగం ఊడుతుంది. ఈ ఏడాది దొరకలేదు. అదంతా తన నిగ్రహమేనని మీసం మెలేసి తిరుగుతున్నాడు.

ఒక ఆదివారం ఐలన్నకు తెలియకుండా పెద్ద సిట్టింగ్ పెట్టుకున్నారు. మంచింగ్ తెచ్చే పని వెంకటేశానిది. పకోడి పొట్లం చంకలో పెట్టుకుని, "ఇయ్యాల సిట్టింగ్ లేదు" అని ఓ అబద్ధం పడేసి వద్దామని ముందు ఐలన్న ఇంటికి వెళ్లాడు.

ఐలన్న మంచం మీద కడుపు పట్టుకుని మజ్జిగన్నం తింటున్నాడు.

"ఏమైంది వదినా?"

ఐలన్న భార్య నాగేశ్వరి కస్సుమంది. "ఏమైతది? కడుపుల పుండు. ఇంట్ల కారం ముట్టడు. మీ కాడికొచ్చి పకోడి మింగుతడు. ఎందుకయ్యా అంటే, 'తినేది అయిపోతెనే ఆళ్లు లేస్తరే. పొద్దుగాల వెంకటేశం గేటు కాడ ఊదాలె' అంటడు."

"నువ్వు ఊకో" అన్నాడు ఐలన్న సిగ్గుపడుతూ. "ఏంరా, ఇయ్యాల సిట్టింగ్ ఎక్కడ? ఆగు, అంగీ ఏస్కుంట."

ఇన్నాళ్లూ తన నిగ్రహమని మురిసిపోయింది ఈ మనిషి కడుపునొప్పి! వెంకటేశానికి తన మీద తనకే అసహ్యం వేసింది. పొట్లం తీసి నాగేశ్వరి చేతిలో పెట్టాడు. "పిల్లలకియ్యి వదినా."

అంతలో ఫోన్ మోగింది. మహేష్ అరుస్తున్నాడు. "సీసా తెరిచి కూసున్నం. మంచింగ్ ఏదిరా?"

వెంకటేశం ఫోన్ చెవికి ఆనించుకుని ఐలన్న వైపు చూశాడు. నా పేరు చెప్పెయ్యమన్నట్టు ఐలన్న తన గుండె మీద తట్టుకున్నాడు.

"తొవ్వల ఐలన్న దొరకబట్టిండురా."

"మొత్తమా?"

"మొత్తం."

అవతల మహేష్ ఐలన్న ఏడుతరాలనూ తిట్టి నిట్టూర్చాడు. "ఇగ మూతవెట్టుండ్రిరా. ఇండ్లకు పోదాం."

ఆ తిట్లన్నీ చెవులారా విని ఐలన్న ముసిముసిగా నవ్వాడు. హాయిగా ఇంకో ముద్ద మజ్జిగన్నం కలుపుకున్నాడు.