గోంగూర సీసా

మా ఆయన రిటైరైన డాక్టరు. ఏటా ఆఫ్రికాలో మలావీ దేశంలోని ఒక పల్లెకి వెళ్ళి నెల్లాళ్ళు ఉచితంగా వైద్యం చేసొస్తారు. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంట్లో సూట్‌కేస్ సర్దేటప్పుడు మా ఇద్దరికీ యుద్ధమే. మందులకి చోటు చాలదని నా గోంగూర పచ్చడి సీసా తీసేస్తారు. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ దూర్చేస్తాను.

మొన్న తిరిగొచ్చాక సూట్‌కేస్ తెరిస్తే అదే సీసా.

"ఖాళీ సీసాని ఇంత దూరం మోసుకొచ్చారా!" అని విసుక్కుంటూ తీయబోతే బరువుగా ఉంది. నిండా వేయించిన వేరుశనగ గుళ్ళు! అక్కడ ఆయనకి వండిపెట్టే ఆవిడ, ఖాళీది ఇస్తే బాగోదని నింపి పంపిందట.

ఇక్కడ మా వీధిలో నేను పచ్చళ్ళు పెట్టిచ్చిన డబ్బాలన్నీ శుభ్రంగా కడిగి, ఖాళీగానే తిరిగిచ్చారు.

ఈసారి పచ్చడిని సూట్‌కేస్‌లో దూర్చను. నేనే పట్టుకెళ్తాను.