పరీక్షల పిన్ని

తను వాడి చూడనిదే ఏ వస్తువునూ పెళ్లికానుకగా ఇవ్వదు కాబట్టి బంధువులంతా ఆవిడని పరీక్షల పిన్ని అంటారు. ఇస్త్రీపెట్టె ఇవ్వాలంటే ముందు వారం రోజులపాటు ఇంట్లో దుప్పట్లన్నీ ఇస్త్రీ కావలసిందే. ఆ తరవాత దాన్ని తుడిచి, రంగుకాగితంలో చుట్టి, అంచుల్ని గోటితో నొక్కుతుంది. ఈసారి అక్క కొడుకు పెళ్లి పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. శుభలేఖ మీద వధూవరులిద్దరూ తుపాకులు పట్టుకుని నవ్వుతున్నారు. "నిజంగానే కాలుస్తారో, ఫొటో కోసం పట్టుకున్నారో!" అని గొణుక్కుంటూనే వెళ్లి, తుపాకీ మోత వినబడకుండా చెవులు మూసే డిప్పలు రెండు జతలు కొనుక్కొచ్చింది. పరీక్షించాలంటే మోత కావాలి. ఇంట్లో తుపాకీ లేదు గానీ, పేపరు పైకి చదువుతూ ప్రతి వార్తకీ ఉపన్యాసమిచ్చే భర్త ఉన్నారు, రిటైరైన మాస్టారు. పొద్దున్నే ఒక జత తగిలించుకుని, చలి వంకతో తలమీదుగా శాలువా కప్పుకుని, ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఆయన నోరు ఆడుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. పిన్ని హాయిగా నవ్వుతూ తల ఊపింది.

వారం పరీక్ష కాస్తా నెల సాగింది. మిగిలిన ఒక్క జత ఇద్దరికెలా చాలుతుందని పెళ్లికి గోడగడియారం ఇచ్చేసింది, అదీ ఏ పరీక్షా లేకుండా. మర్నాడు పొద్దున మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఏమోయ్, నా మాట చెవిన పెట్టవని ముప్పయ్యేళ్లుగా నిన్ను ఆడిపోసుకున్నాను. నాదే తప్పు. ఏమీ అనుకోకు."

ఆయన తప్పు ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పిన్ని హాయిగా నవ్వుతూ తల ఊపింది.