ఎదుటి వైపు పలక

గోరిన్ ఏటి ఒడ్డు ఊళ్లో యూదుల్లో ఎవరు పోయినా శవపేటిక చేసేది వడ్రంగి గెట్సెలే. ఇనుము తగలకుండా చెక్క మేకులతో బిగించి, మధ్యాహ్నంలోగా పని ముగించేవాడు. తన గురువు రెబ్ అవిగ్దోర్ పోయిన ఉదయం మాత్రం రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కోయవలసింది గురువుగారి బల్లని. పాఠం చెప్పిన బల్లతోనే తన పేటిక చేయమని ఆయన కోరారు. పై లోకంలో విచారణ జరిగేటప్పుడు ఆ చెక్కే సాక్ష్యం చెబుతుందట.

పెళ్లి కాకముందే గెట్సెల్ ఆ బల్ల దగ్గర చేరాడు. పొద్దు వాలాక ఒంటిమీద రంపపు పొట్టు దులుపుకోకుండానే వచ్చి గురువు ఎదుట కూర్చునేవాడు. రహస్య గ్రంథంలోంచి ఆయన ఒక వాక్యం చదివి, సగంలో ఆగి ఊపిరి తీసుకునేవారు. అర్థమంతా ఆ ఆగినచోటే ఉందనిపించేది గెట్సెల్‌కి. ఎన్నేళ్లయినా అది చేతికి చిక్కలేదు. ఈలోగా జుట్టు నెరిసింది, మోచేతులు ఆనినచోట మెత్తచెక్క గుంటలు పడింది. ఇటు అంచున గురువుది, అటు అంచున అతనిది.

"ఏరా, చెక్కతో కబుర్లాడుతున్నావా? చీకటిపడేలోగా మట్టి చెయ్యాలి," అన్నాడు ఖననసంఘం పెద్ద పేసఖ్.

"బల్ల కూడా పోతే, ఆయన ఎదుట ఇక నాకు చోటెక్కడుంది?"

"నా ఎదుట కూర్చో. పాఠం రాదుగానీ టీ పోస్తా."

గెట్సెల్ రంపం ఆడించాడు. జబ్బుతో గురువు చిక్కిపోయి చిన్నపిల్లాడంత అయ్యారు. అందుకని ఒక అంచు పలక మిగిలింది.

"నీదే తీసెయ్. ఆయన మోచేతి పలక ఆయనతో వెళ్లాలి," అన్నాడు పేసఖ్. గెట్సెల్‌కీ అదే న్యాయమనిపించింది. తన పలక పక్కన పెట్టబోతుంటే గురువుగారి భార్య ఫ్రూమా గుమ్మంలోకి వచ్చింది.

"అది తియ్యకు నాయనా. ఆయనకి కావలసింది అదే."

"ఇది నా వైపుది, అమ్మగారూ."

"తెలుసు. ఆయన మోచెయ్యి ఆనించారని చెబితే ఏం లాభం? కునుకు తీసినా గుంట పడుతుంది. ఎదురుగా ఒకడు కూర్చుని విన్నాడని కదా అక్కడ చూపించాలి."

"కునుకు తీసేవారా?" అన్నాడు పేసఖ్.

"కూర బాగా కుదిరిన రోజున."

గెట్సెల్ తన పలకని మూతకి, గుంట లోపలివైపు ఉండేలా, సరిగ్గా గురువు గుండె మీదికి వచ్చేలా బిగించాడు. ఎన్నడూ లేనిది, ఒక మేకు వంకరగా దిగింది.

మిగిలిన గురువుగారి పలకని ఇంటికి తెచ్చి తన బల్ల అంచున అతికించాడు. సంతాప దినాలు గడిచాక ఒక సాయంత్రం గ్రంథం తెరిచి, భయపడుతూనే గురువుగారి గుంటలో మోచెయ్యి పెట్టాడు. కొలిచి చేసినట్టు ఇమిడింది. వాక్యం చదవసాగాడు. సగంలో ఊపిరి దానంతటదే ఆగింది.

ఆ నిశ్శబ్దంలో బల్లకి అవతల ఎవరో ముందుకి వంగి వింటున్నట్టు అనిపించింది. అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ గురువు ఆగింది ఊపిరికి కాదు, మిగతా సగం గెట్సెల్ అందుకుంటాడని. అతను వాక్యం పూర్తి చేయకుండా, మిగతా సగాన్ని ఎదుటివైపుకే వదిలాడు.

ఓ రోజు పేసఖ్ వచ్చి అతని ఎదుటి కుర్చీ లాగబోయాడు.

"అక్కడ కాదు. నా పక్కన కూర్చో."

"ఇక్కడెవరున్నారు?"

"వింటున్నారు."

పేసఖ్ నవ్వబోయాడు. గెట్సెల్ ముఖం చూసి, చప్పుడు కాకుండా కుర్చీని యథాస్థానంలో పెట్టి, ఇవతలికి వచ్చి కూర్చున్నాడు.