మావయ్య చుట్టకు నేనెంచిన ఆకు

మా మావయ్య పోయి ఏడు నెలలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలోంచి ఆయన దగ్గు ఇప్పటికీ వినిపిస్తుంది. లేచి చూస్తే మడతకుర్చీ ఖాళీగా ఉంటుంది. మా ఆయనకు వినపడదట. ఆయనకు నేను పిలిచినా వినపడదులెండి.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక మావయ్య చుట్టలు నేనే చుట్టేదాన్ని. నందిగామ డాక్టరు పూర్తిగా మానెయ్యమన్నాడు. ఆయన మానలేదు. నేను పోట్లాడి రోజుకు రెండుకు దించాను. అంతటితో ఊరుకున్నానా? లోపల పెట్టే పొగాకు జోలికి పోలేదు గానీ, పైన చుట్టే ఆకు మార్చేశాను. ఆయనకు అలవాటైన నల్లబెల్లం రంగు ఆకు మానిపించి, జగ్గయ్యపేట నుంచి లేత రంగుది తెప్పించాను. డికాషన్ నల్లగా ఉంటే ఘాటెక్కువ కదా, ఆకూ అంతే అనుకున్నాను. ఆ ఏడాదంతా ఆయన దగ్గుతూనే ఉన్నారు. జబ్బు ముదిరిందనుకున్నాం. నేను ఆకు మార్చబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకెంత దగ్గేవారో అని వచ్చిన చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

పెద్దకర్మకు ఆయనకిష్టమైనవన్నీ పెట్టాలి. ముందురోజు నల్లాకు కోసం జగ్గయ్యపేట బస్సెక్కాను. పొగాకు కొట్టు ముసలాయనతో, "ఘాటుదే ఇవ్వండి, ఇంక భయమేముంది" అన్నాను.

ఆయన వింతగా చూశాడు. "ఘాటు కావాలంటే ఆ లేతరంగుది తీసుకోండమ్మా. అది సరిగా మగ్గలేదు, గొంతు పట్టేస్తది. నల్లది బాగా మగ్గిన ఆకండి, కమ్మగా ఉంటది."

నేను నమ్మలేదు, నల్లదే కొన్నాను. అమ్ముకునేవాళ్ళు ఏదో ఒకటి అంటారులే అనుకున్నాను.

మర్నాడు ఫొటో ముందు విస్తరి వేశారు. చుట్ట వెలిగించి పెట్టాలి. మా ఇంట్లో మగవాళ్ళెవరికీ అలవాటు లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే చిరాకేసి నేనే అందుకుని వెలిగించాను. అంటుకోవడానికి రెండు దమ్ములు లాగాల్సి వచ్చింది. నోట్లో తియ్యటి వాసన తప్ప గొంతులో ఏమీ తగల్లేదు. నాకు భయం వేసింది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక, ఆయన డబ్బాలో మిగిలిన, నేను లేతాకుతో చుట్టిన చుట్ట ఒకటి తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. ఒక్క దమ్ముకే గొంతు మండిపోయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. అచ్చం ఆయన దగ్గే, నా నోట్లోంచి వస్తోంది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మావయ్యా" అని ఏడ్చాను.

చెప్పారు. ఆకు మార్చిన వారంలోనే, వంకరపోయిన నోటితో కూడబలుక్కుంటూ, "ఈ ఆకు గుచ్చుకుంటందమ్మాయ్" అన్నారు. "నల్లది మరిగిన నోటికి ఏదైనా గుచ్చుకుంటది. తాగితే తాగండి, లేకపోతే మానెయ్యండి" అన్నాను. ఆయన ఎడమచెయ్యి చాచి నా చేతిలోది తీసుకున్నారు.